ఛాయాచిత్రమున ఛాయకు చోటు

సోదరీమణులారా! నేడు మన యిండ్లలో కెమెరా లేని చేయి అరుదు. మన తల్లుల కాలమున పెండ్లికో, తీర్థయాత్రకో ఒక్క మాఱు పటము తీయించుకొనెడివారు. ఇప్పుడు మనము పొయ్యిమీద పప్పు ఉడుకుచుండగనే బిడ్డ నవ్వున కొకటి, పెరటి మందారమున కొకటి తీయుచున్నాము. ఇది తప్పని నేననను. కాని తీసిన పటమును దిద్దుటలో నేను చేసిన యొక పని మా యింట నొక పెద్ద మనసును నొప్పించినది. దానిని దాచుకొనుటకంటె మీ ముందు చెప్పుకొనుటయే మేలని తలంచి యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

మాది మేడ్చల్. మా వారు బడిపంతులు. నా చదువు మా తండ్రిగారి యొద్ద ఇంటనే జరిగినది. భారత భాగవతములు, కొన్ని ప్రబంధములు, కొంత యలంకారశాస్త్రము ఆయన వసారాలో కూర్చుండబెట్టి చదివించిరి. ఛాయాగ్రహణము మాత్రము మా యాడుబిడ్డ కుమారుడు నేర్పినది. అతడు సెలవులకు వచ్చి నపుడెల్ల తన కెమెరాను, కంప్యూటరును నా ముందు పెట్టి, "అత్తమ్మా, పద్యములకు ఛందస్సున్నట్లు వెలుతురునకును లెక్క యున్నది, నేర్చుకొనుము" అనెడివాడు. అతడు చెప్పినంతలో నేర్చితిని. చాలినంత నేర్చితిననియు భ్రమపడితిని.

మా అత్తమ్మ పుట్టినిల్లు శామీర్‌పేట చెఱువు ప్రక్కనున్న పల్లె. నిజాముల కాలపు ఆ చెఱువును చూచుటకు పట్టణమువారు ఆదివారములందు బండ్లు కట్టుకొని వత్తురు. వారికది విహారస్థలము. అత్తమ్మకు మాత్రమది చిన్ననాడు బతుకమ్మను సాగనంపిన చోటు, అత్తవారింటికి పోవుచు వెనుదిరిగి చూచిన చోటు. క్రిందటి కార్తికమాసమున ఆమె నన్ను పిలిచి, "బిడ్డా, మీ మామయ్య పటం పక్కకు నాది గూడ ఒక పటం కావాలె. నేను పొయ్యినంక ఎవల పెండ్లిలనో తీసిన పటంలకెళ్ళి నా తలకాయ కత్తిరించి పెట్టకున్రి. చెర్వు కట్ట మీద మంచిగ తియ్యి" అనినది. చావు మాట యని నేను నొచ్చుకొంటిని గాని ఆమె నవ్వుచునే యున్నది.

మామగారి పటము సికింద్రాబాదులో తీయించినది. నలుపు తెలుపుల పటము. ముఖమున సగముపై వెలుతురు, సగముపై నీడ. ఆ నీడలోనే ఆయన కన్ను మెత్తగా నవ్వుచుండును. దానిని నేను దినదినము తుడుచుచుంటిని గాని నిజముగా చూచినదానను గానని ఇప్పుడు తెలియుచున్నది.

ఒక సాయంకాలము మేమందఱము శామీర్‌పేట పోయితిమి. అత్తమ్మ తన కిష్టమైన నల్లంచు నేతచీర కట్టినది. కట్టమీద చెట్టు నీడలో నిలిచినది. ఆమె వెనుక నీరును ఆకాశమును మెఱయుచుండెను. కెమెరాలో చూడగా చిక్కు తెలిసినది. ముఖము కనబడునట్లు పెట్టిన ఆకాశము సున్నము పూసిన గోడవలె తెల్లబోవును. ఆకాశపు కాషాయము నిలుచునట్లు పెట్టిన అత్తమ్మ నల్లని నీడయై పోవును.

మన కంటికీ చిక్కు లేదు. కన్ను వెలుగును చూచినపుడు పాపను ముడుచును, నీడను చూచినపుడు విచ్చును. ఆ రెండు చూపులను మనస్సు కలిపి ఒక్క దృశ్యమును చేయును. కెమెరా యొక్క క్షణమున ఒక్క కొలతతోనే చూచును. ఆ కొలతకు మీఱిన వెలుగంతయు తెలుపు, దానికి లోబడిన చీకటియంతయు నలుపు. ఈ కొఱతను తీర్చుటకు కనిపెట్టినదే హై డైనమిక్ రేంజి అను పద్ధతి. హెచ్‌డీఆర్ అని మన సెల్‌ఫోనులలో మూడక్షరములుగా కనబడునది యిదియే.

దీని నడక కష్టమైనది కాదు. కెమెరాను ముక్కాలిపీటపై కదలకుండ నిలిపి ఒకే దృశ్యమును మూడు మాఱులు తీయవలెను. మొదటిది సరియైన వెలుతురుతో. రెండవది రెండు మెట్లు తగ్గించి. ఒక మెట్టు తగ్గిన వెలుతురు సగమగును గనుక రెండు మెట్లు తగ్గిన నాలుగవ వంతగును. మూడవది రెండు మెట్లు పెంచి, అనగా నాలుగు రెట్లు. ఈ లెక్కను అన్నిటికంటె చీకటి పటమునకును అన్నిటికంటె వెలుగు పటమునకును నడుమ పదునాఱు రెట్ల తేడా. చీకటి పటములో ఆకాశము చక్కగా నుండును, వెలుగు పటములో చెట్టు నీడలోని ముఖము చక్కగా నుండును. కంప్యూటరు ఈ మూటిని కలిపి, వెలుగు నీడల పెద్ద పరిధి నంతయు నొకచోట చేర్చును. అయితే ఆ పరిధి కాగితముపై పట్టదు. కనుక దానిని అణచి, మన కన్నులు మెచ్చునట్లు కుదింపవలెను. ఈ కుదించుటయే అసలు విద్య. రుచియు, అరుచియు పుట్టునది ఇక్కడనే.

మారన మార్కండేయపురాణమును చదివినవారికి సంజ్ఞాదేవి కథ జ్ఞప్తియందుండును. సూర్యుని తేజమును తాళలేక ఆమె తన నీడయగు ఛాయను తనకు మాఱుగా నిలిపి వెడలిపోయినది. తుదకు విశ్వకర్మ సూర్యుని సానబట్టి ఆయన తేజమును కొంత తఱిగిన పిమ్మటనే ఆమె భర్తను కన్నులార చూడగలిగినది. వెలుగును చూడదగినంతకు తఱుగుట యన నిదియే కదా! అయితే విశ్వకర్మ సూర్యుని తఱిగెను గాని ఆర్పలేదు. ఈ సంగతిని నేను ఎన్ని మాఱులు చదివియు, ఆ నాడు జ్ఞప్తికి తెచ్చుకొనలేదు.

ఈ పద్ధతి పేరు క్రొత్తది గాని కోరిక పాతది. 1850 తరువాతి యేండ్లలో ఫ్రాన్సుదేశమున గుస్తావ్ లె గ్రే యను నాతడు సముద్రమును పటములు తీయుచు, నాటి గాజుపలకలపై నీటికి సరిపోయిన వెలుతురు ఆకాశమునకు మిక్కిలి యగుట చూచి, ఆకాశమున కొక పలకను, సముద్రమున కొక పలకను వాడి రెంటిని ఒకే కాగితముపై అచ్చొత్తెను. అమెరికాలో ఏన్సెల్ ఆడమ్స్ అను ప్రసిద్ధుడు కటిక నలుపునుండి వట్టి తెలుపువఱకు పదునొకండు అంతరములను ఏర్పఱచి, దేనిని ఏ యంతరమున నిలుపవలెనో ముందే మనసున నిశ్చయించుకొని పటము తీసెడివాడు. కంప్యూటరులతో ఒకే దృశ్యపు పలుపటములను కలుపు మార్గమును 1995లో స్టీవ్ మాన్, రోసలిండ్ పికార్డ్ అను వారును, 1997లో పాల్ డెబెవెక్‌తో గూడి మన మథురలో పుట్టిన జితేంద్ర మాలిక్‌యు ప్రకటించిరి. 2010లో ఐఫోను చేతిలోనికి అది వచ్చినది. నేడు ఎన్నో ఫోనులు మనము అడుగకయే క్షణములో పలు పటములు తీసి, కలిపి, ఒక్కటిగా మన ముందుంచుచున్నవి.

ఇక నా తప్పు చెప్పెదను. ఇంటికి వచ్చి మూడు పటములను కంప్యూటరునందు కలిపితిని. తెరపై మీటలు కనబడినవి. ఒకటి జరిపిన చీరనేత పోగుపోగునను తేలినది. ఇంకొకటి జరిపిన ఆకాశము మంకెనపూవై మండినది. చెట్టు నీడలోని ప్రతి యాకును లెక్కింపవచ్చును. కట్టపై గులకఱాళ్ళు మేలిముత్యములవలె మెఱసినవి. కూరలో ఉప్పు సరిపోయినదా యని మాటిమాటికి రుచి చూచువారికి నాలుక మొద్దువారునట్లు, ఆ మీటలను జరిపి జరిపి నా కన్ను మొద్దువాఱినది. ప్రతి జరుపును మునుపటికంటె చప్పగా తోచి, ఇంకను జరిపితిని. అర్ధరాత్రికి పని ముగించి మురిసిపోయితిని. ఆ మురిపెమున మూడు మూలపటములను కూడ అక్కఱలేదని చెఱిపివేసితిని.

దానిని పెద్దదిగా అచ్చు వేయించి, చట్రము కట్టించి, సంక్రాంతికి చుట్టములు వచ్చు వేళకు మామగారి పటము ప్రక్కన తగిలించితిని. అందఱు మెచ్చుకొనిరి. "సినిమా పటమువలె నున్నది" అని ఒకరు, "ఇంత తళుకు ఏ స్టూడియోవారు తేగలరు?" అని యొకరు. అత్తమ్మ మాత్రము ఏమియు ననలేదు. నేనును ఆమెను అడుగలేదు. అది నా మొదటి తప్పుకంటె పెద్ద తప్పు.

చుట్టములు వెడలిన రాత్రి ఆమె ఆ పటము క్రింద నిలిచి యుండగా చూచితిని. దగ్గఱకు పోగా మెల్లగా అడిగినది: "గీమె ఎవరు బిడ్డా?"

"మీరే కదా అత్తమ్మా!" అంటిని.

"నా మొకం మీద ముడుతలున్నయి, నాకెర్కలేదా? గని గివి ముడుతలు గావు, ఎండకాలం చెర్వుల నెర్రెలు. తల సుట్టు గీ తెల్లటిదేంది? నేనేమన్న దేవతనా? పొద్దు పొడుస్తున్నదో, గూకుతున్నదో గూడ తెలుస్తలేదు" అని, ఒక్క క్షణమాగి, "మీ మామయ్య నన్ను గుర్తుపట్టడు" అనినది.

నాకు నోట మాట రాలేదు. ఆ రాత్రి ఆ పటమును ఆమె కన్నులతో చూచితిని. ఆమె చెప్పిన దోషములన్నియు శాస్త్రమునకు సరిపోయినవే. కంప్యూటరు ప్రతి చిన్న చోటునను వెలుగు నీడల తేడాను వేఱువేఱుగా పెంచునపుడు చర్మపు మెత్తదనము పోయి గీతలు గోతులగును. చీకటి వస్తువు వెలుగు వస్తువును తాకు అంచున, అనగా ఆమె జుట్టు ఆకాశమును తాకు చోట, తెల్లని వలయ మేర్పడును. నీడలన్నిటిని లేపినచో వెలుతురు ఎటనుండి వచ్చుచున్నదో తెలియక ప్రొద్దు గుఱుతు చెడును. మా ఇంట అక్షరముల జోలికి పోని అత్తమ్మ ఇవన్నియు ఒక్క చూపున పట్టినది. అలంకారశాస్త్రము చదివిన నేను పట్టలేకపోయితిని.

విష్ణుధర్మోత్తర పురాణమున చిత్రసూత్రమను భాగము కలదు. చిత్రమున ఎవరెవరు దేనిని మెచ్చుకొందురో చెప్పుచు, నేర్పరులు వర్తనను మెచ్చుకొందురనియు, స్త్రీలు భూషణములను కోరుదురనియు అందు చెప్పబడినది. వర్తన యనగా వెలుగు నీడల మెత్తని కలయికచే ఆకారమునకు నిండుదనము తెచ్చుట. చిన్ననాడు దీనిని చదివి, స్త్రీలను నగలకు కట్టిపెట్టినారని నేను మా తండ్రిగారితో వాదించితిని. ఇన్నాళ్ళకు చూడగా, నేను వర్తనను చెఱిపి భూషణము పెట్టినదాననే! కాని అత్తమ్మయు స్త్రీయే. ఆమె కోరినది వర్తననే. కావున నా వాద మిప్పటికిని నిలిచియే యున్నది. ఓడినదానను నేను మాత్రమే.

మరల తీయుదమన్న అత్తమ్మకు మోకాళ్ళ నొప్పి ముదిరినది. కట్ట యెక్కలేదు. మూలపటములను నేనే చెఱిపితిని. దిక్కుతోచక మేనల్లునికి చెప్పగా, "భయపడకుము అత్తమ్మా, నీవు చెఱుపుదువని తెలిసియే నేనొక ప్రతి దాచితిని" అనినాడు. అతని ముందుచూపు నా మానమును కాపాడినది. సోదరీమణులారా, ఎంత చక్కని పటము తయారైనను మూలమును చెఱుపకుడు. నేటి మెప్పు రేపటికి నిలుచునని ఎవరు చెప్పగలరు?

ఈ మాఱు అత్తమ్మను ప్రక్కన కూర్చుండబెట్టుకొని పని ప్రారంభించితిని. నడిమి పటమునే ఆధారముగా నిలిపితిని. చీకటి పటమునుండి ఆకాశపు రంగును మాత్రము, అదియు ప్రొద్దు దగ్గఱి తెలుపును తెలుపుగనే విడిచి, తీసికొంటిని. వెలుగు పటమునుండి ముఖమునకు కావలసిన కొద్దిపాటి తేటను తెచ్చితిని. చెట్టు మొదటనున్న చీకటిని కదల్పలేదు. చీర నల్లంచును నల్లగనే యుండనిచ్చితిని. గీతలను తేల్చు మీటను ముట్టలేదు. ప్రతి మార్పును చేసిన పిమ్మట దానిని సగమునకు తగ్గించితిని. ఆ రాత్రి కంప్యూటరు మూసి, తెల్లవాఱి క్రొత్త కన్నుతో చూచి ఇంకను కొంత తగ్గించితిని.

ఇట్టి మెలకువ మన హైదరాబాదునకు క్రొత్తది కాదు. మీరట్ దగ్గఱి సర్ధనాలో 1844లో పుట్టి, రుడ్కీలో ఇంజనీరింగు చదివిన లాలా దీన్‌దయాళ్ ఆఱవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ ఆస్థానమున ఛాయాగ్రాహకుడై రాజా బిరుదము నందెను. ఆయన 1892లో హైదరాబాదున స్త్రీలకొఱకే ఒక జెనానా స్టూడియోను తెఱచి, కెన్నీ-లెవిక్ అను ఆంగ్లవనిత చేతి క్రింద నుంచెను. పరపురుషుల కంటబడని గోషా స్త్రీలు అచ్చట నిశ్చింతగా పటములు తీయించుకొనగలిగిరి. ఆ కాలపు స్టూడియోలకు అద్దపు కిటికీలు, పైకప్పులు, వానికి జరుపుడు తెరలు నుండెడివి. వెలుతురును తెరలతో అణచి, మలచి, ముఖమునకు తగినట్లు చేసిన పిమ్మటనే పటము తీసెడివారు. తరువాత దిద్దుట లేకపోలేదు గాని, ముందే వెలుతురును దిద్దుకొనిన పటమునకు తరువాత దిద్దవలసినది స్వల్పము. మనమో, మీటలున్నవను ధైర్యమున ముందు చూపును మఱచితిమి.

ఇంటనున్న మనకు ఉపయోగపడునట్టి కొన్ని మాటలు చెప్పి ముగించెదను. గుడి మండపపు చీకటియు బయటి ఎండయు నొకే పటమున పడవలసినపుడు, వంటయింటి కిటికీ ముందు ఎవరైన నిలిచినపుడు, ఈ హెచ్‌డీఆర్ మేలు చేయును. పరుగెత్తు బిడ్డలకు, గాలికి ఊగు కొమ్మలకు దీనిని వాడరాదు. పలు పటములు సరిగా కలియక చేతికి రెండు నీడలు వచ్చును. దీపారాధన పటమున చీకటియే అందము. దానిని వెలిగించిన దీపము చిన్నబోవును. మంచు కమ్మిన ఉదయమున మబ్బుదనమే సొగసు. దానిని తేటపఱచిన ఉదయము మధ్యాహ్నమగును. వృద్ధుల ముఖములపై దీనిని జంకుచు వాడవలెను. వారి ముడుతలు బ్రతుకు వ్రాసిన వ్రాలు. వానిని చెఱుపను రాదు, చెక్కను రాదు. ముఖము మఱీ నీడలో నున్నచో వెలుతురు వచ్చు దిక్కునకు ఎదురుగా ఒక తెల్లని పంచెను పట్టి చూడుడు. పంచెనుండి మఱలిన వెలుతురు చెంపలను మెత్తగా తాకును. ఇరువది మీటలు చేయలేని పనిని ఒక ఉతికిన పంచె చేయును.

రెండవ పటమును మాఘమాసమున తగిలించితిని. అత్తమ్మ చాలసేపు చూచినది. "గిప్పుడు పొద్దు గూకుతున్నది" అని మాత్రమనినది. తరువాత మామగారి పటమును, తన పటమును మార్చి మార్చి చూచి, తన చీరకొంగుతో రెంటి అద్దములను తుడిచినది. చుట్టములెవరును ఈ పటమును సినిమాతో పోల్చలేదు. మేడ్చల్ నుండి శామీర్‌పేటకు పోయి వచ్చు పాలామె మాత్రము గడపలో నిలిచి, "అవ్వ కట్ట మీద నిలవడ్డదా?" అని అడిగినది. నాకది చాలినది.

మొన్న బతుకమ్మకు గునుగు పూలకు రంగులద్దుచుంటిమి. తంగేడు తనంతట తాను పచ్చన. గునుగునకు మాత్రము మనము రంగు పెట్టెదము. నేను గిన్నెలో రంగు పొడి వేయుచుండగా అత్తమ్మ నా ముంజేయి పట్టుకొని, "చాలు బిడ్డా. గునుగు ఎర్రగయితే తంగేడు కానస్తది, గునుగు మండితే తంగేడు మాయమయితది" అనినది. అలంకారశాస్త్రమున ఔచిత్యమను మాటను మా తండ్రిగారు ఎన్నో దినములు బోధించిరి. అత్తమ్మ దానిని "చాలు" అను రెండక్షరములలో నేర్పినది. నేను పొడి డబ్బా మూత పెట్టితిని.